పికప్ పెంచే ముందు ప్లగ్గులు విప్పి చూడండి

మా పెద్దబాపు దగ్గర ఒక జోంగా ఉంది. 1974 మోడల్. ఆయన ఆర్మీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాక, మిలిటరీ వేలంలో పోయిన బండిని చేతులు మారిన తర్వాత కొనుక్కుని ఆర్మూర్ తెచ్చుకున్నాడు. నేను పుట్టక ముందు నుంచీ అది మా ఇంటి ముందర వేపచెట్టు కిందనే ఉంటుంది. చేనుకు పోవాలన్నా, పెండ్లికి పోవాలన్నా, సిద్ధుల గుట్ట మీద దర్శనానికి పోవాలన్నా ఒకప్పుడు అదే బండి. ఇప్పుడు రోజూ తీయరు. నెలకు నాలుగైదు సార్లు తీస్తే ఎక్కువ.

మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయేసరికి ఇంట్లో ఒకటే పంచాయితీ. గుట్ట ఎక్కేటప్పుడు బండి మొదటి గేరు అడుగుతోందట. ఇదివరకు రెండో గేరులో నిమ్మళంగా ఎక్కేది.

"పికప్ పోయింది రా. పసుపు అమ్మినంక డీజిల్ ఇంజిన్ ఎక్కిస్త" అన్నాడు పెద్దబాపు.

"డీజిల్ ఎందుకు బాపూ, టర్బో పెట్టిద్దాం. సైలెన్సర్ కూడా మారుద్దాం, సౌండ్ అదిరిపోవాలె" అన్నాడు మా అన్న, అంటే పెద్దబాపు కొడుకు.

మధ్యలో నేను, నా ల్యాప్‌టాప్, అందులో ఒక ఎక్సెల్ షీటు.

ఆ పంచాయితీలో నా వాదనే ఈ వ్యాసం. నేను చెప్పేది ఒక్కటే. పాత ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో పోయిన పవర్ ఎక్కడ పోయిందో ముందు కొలిచి కనుక్కోవాలి. దాన్ని తిరిగి తేవాలి. అప్పటికీ చాలకపోతేనే కొత్త పార్టుల జోలికి పోవాలి. ఇంజినే పీకేసి ఇంకోటి పెట్టడం అన్నిటికన్నా చివర ఆలోచించాల్సిన పని. మనవాళ్ళు మాత్రం అక్కడి నుంచే మొదలుపెడుతున్నారు.

జోంగా పేరు వినని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. 2019లో ధోనీ రాంచీ రోడ్ల మీద ఒక ఆకుపచ్చ మిలిటరీ బండి నడుపుతున్న ఫోటోలు తిరిగాయి, గుర్తుందా? ఆ కుటుంబానికి చెందిన బండే ఇది. జబల్‌పూర్ ఆర్డినెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న మాటల్లోంచి అక్షరాలు ఏరి పెట్టిన పేరు జోంగా. 1960లో జపాన్‌లో వచ్చిన నిస్సాన్ పాట్రోల్ బండిని లైసెన్సు తీసుకుని మన దగ్గర ఆర్మీ కోసం తయారు చేశారు. 1969 నుంచి 1999 దాకా జబల్‌పూర్‌లో తయారైంది. ఆర్మీ వాడి వదిలేసినవి వేలంలో మామూలు జనం చేతికి వచ్చాయి.

దీని ఇంజిన్ 3,956 సీసీ. వరుసగా ఆరు సిలిండర్లు, పెట్రోలు. పవర్ సుమారు 110 హార్స్‌పవర్. ఇవాళ షోరూములో దొరికే ఒక్క లీటరు, మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్ 118 ఇస్తోంది. "నాలుగో వంతు సైజున్న ఇంజిన్ దీనికంటే ఎక్కువ ఇస్తుంటే ఇంక ఇది దేనికి?" అని మా అన్న అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. మొదట నా దగ్గర జవాబు లేదు.

జవాబు కోసం ఇంజిన్ కొలతలు చూశాను. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 85.7 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ కింద నుంచి పైకి కదిలే దూరం, 114.3 మిల్లీమీటర్లు. ఈ 114.3 దగ్గర ఆగిపోయాను. మిల్లీమీటర్లలో ఆలోచించే జపాన్ ఇంజినీరు ఆ పాయింట్ మూడు ఎందుకు పెట్టాడు? 25.4తో భాగించి చూడండి. సరిగ్గా నాలుగున్నర అంగుళాలు వస్తుంది.

దాని వెనక కథ ఉంది. 1930ల్లో నిస్సాన్ వాళ్ళు అమెరికాలోని గ్రాహం-పేజ్ అనే కార్ల కంపెనీ నుంచి ఒక ఆరు సిలిండర్ల ఇంజిన్ డిజైనూ, దాన్ని తయారు చేసే యంత్రాలూ కొనుక్కున్నారు. ఆ ఇంజిన్ స్ట్రోకు నాలుగున్నర అంగుళాలు. తర్వాత బోరు పెంచారు, పక్కన ఉండే వాల్వుల్ని హెడ్డులోకి తెచ్చారు, పవర్ పెంచారు. స్ట్రోకు మాత్రం అలాగే ఉండిపోయింది. అమెరికాలో ఎవరో గీసిన గీత జపాన్ మీదుగా జబల్‌పూర్ వచ్చి, అక్కడి నుంచి ఆర్మూర్‌లో మా వేపచెట్టు కిందికి చేరింది. మన సీఎస్ఈ వాళ్ళకి ఇది బాగా తెలిసిన సంగతే. ఎవరో ఎప్పుడో కోడ్‌లో ఒక నంబరు రాసి పెట్టి పోతాడు. వెనక వచ్చినవాళ్ళంతా చుట్టుపక్కలవి మారుస్తారు గానీ దాన్ని ముట్టుకోరు, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంటుంది.

ఆ నాలుగున్నర అంగుళాల స్ట్రోకే ఈ ఇంజిన్‌కి ఏ అప్‌గ్రేడ్ నప్పుతుందో, ఏది నప్పదో చెప్పేస్తుంది. లెక్క చిన్నదే. హార్స్‌పవర్ అంటే టార్క్‌ని ఆర్పీఎంతో గుణిస్తే వచ్చేది. కాబట్టి పవర్ పెంచడానికి రెండే దారులు. ఒకటి, ప్రతి చుట్టులోనూ ఎక్కువ తోపుడు రాబట్టడం. రెండోది, ఇంజిన్‌ని ఎక్కువ వేగంగా తిప్పడం. చిన్న కొత్త ఇంజిన్ రెండూ చేస్తుంది. టర్బోతో గాలి నింపుకుంటుంది, పైగా 6,000 ఆర్పీఎం దాకా తిరుగుతుంది. మా జోంగా పొడుగు స్ట్రోకు ఇంజిన్. 3,400 ఆర్పీఎం దగ్గర దాని పిస్టన్ సగటు వేగం సెకనుకి 13 మీటర్లు. దాన్నే 6,000 తిప్పితే సెకనుకి దాదాపు 23 మీటర్లవుతుంది. అది రేసు ఇంజిన్ల వేగం. సెకనుకి 200 సార్లు ఆగి వెనక్కి తిరుగుతూ ఆ వేగం అందుకోవాలి. యాభై ఏళ్ళ నాటి బరువైన పిస్టన్లూ, కనెక్టింగ్ రాడ్లూ అందుకు చేసినవి కావు. మరీ లాగితే రాడ్డు బ్లాకు చీల్చుకుని బయటికి వస్తుంది.

అందుకని ఆర్పీఎం పెంచే దారిలో వచ్చే పార్టులన్నీ, అంటే రేసింగ్ క్యామ్ షాఫ్టూ, మూడు కార్బొరేటర్లూ, ఖాళీ గొట్టం లాంటి సైలెన్సరూ, ఈ ఇంజిన్‌కి పెట్టినా వాటి ఫలం అందే చోటికి ఇంజిన్ పోలేదు. పైగా తక్కువ వేగంలో ఉన్న లాగుడు తగ్గిపోతుంది. గుట్ట ఎక్కడానికి కావాల్సింది ఆ లాగుడే.

ఈ ఇంజిన్‌కి ఉన్న మంచి గుణం వేరే ఉంది. వరుస ఆరు సిలిండర్లలో 1, 6 కలిసి కదులుతాయి. 2, 5 కలిసి కదులుతాయి. 3, 4 కలిసి కదులుతాయి. ఆ మూడు జతలూ ఒకదాని ఊపును ఒకటి సరిచేసుకుంటాయి. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ప్రతి 120 డిగ్రీలకీ ఒక సిలిండర్ మండుతుంది కాబట్టి తోపుడు మధ్యలో ఖాళీ ఉండదు. అందుకే బండి స్టార్ట్ చేసి ఊరికే ఉంచితే బానెట్ మీద పెట్టిన చాయ్ గ్లాసు కదలదు. ఇది పెద్దబాపే నాకు చిన్నప్పుడు చూపించాడు. చాయ్ ఒలకకపోతే ఆ రోజు బండి బాగున్నట్టు లెక్క.

మొన్న చాయ్ ఒలికింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఇంటికి పోకముందే, హాస్టల్లో కూర్చుని, వీడియోలు చూసి, ఆన్‌లైన్లో ఒక 'పర్ఫార్మెన్స్' ఎయిర్ ఫిల్టరూ, ఒక 'హై పవర్' ఇగ్నిషన్ కాయిలూ ఆర్డర్ పెట్టాను. నా స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి ఏడు వేలు. ఇంటికి పోయాక అన్నా నేనూ కలిసి బిగించాం. బండి తీసుకుని గుట్టకి పోయాం. అదే మలుపు దగ్గర అదే మొదటి గేరు. అన్న నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

మరునాడు పెర్కిట్‌లో మా బండి చూసే మెకానిక్ చాచా దగ్గరికి తీసుకుపోయాం. ఆయన కొత్త ఫిల్టర్‌ని తిప్పి చూసి, "బేటా, దీంతోటి గాలి మంచిగనే వస్తది. వచ్చిన గాలి లోపల ఆగాలె కదా" అన్నాడు. ఆరు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో ప్రెషర్ గేజీ పెట్టి, సెల్ఫ్ కొట్టమన్నాడు. నేను ఫోన్‌లో రాసుకున్నాను: 115, 112, 118, 110, 72, 114.

అయిదో సిలిండర్లో 72 పీఎస్ఐ. మిగతా అయిదూ దాదాపు సమానం. అంటే ఇంజిన్ మొత్తానికి ముసలితనం రాలేదు. ఒక్క సిలిండర్‌కి రోగం వచ్చింది, అంతే. చాచా ఆ సిలిండర్లో ఒక చెంచా ఇంజినాయిల్ పోసి మళ్ళీ కొలిచాడు. నూనె పోస్తే ప్రెషర్ పెరిగిందంటే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. పెరగకపోతే లీకు వాల్వు దగ్గర. పెరగలేదు. పది నిమిషాల పని. కొత్తగా కొన్నది ఏమీ లేదు.

ఇప్పుడు మీరే లెక్కేయండి. 110 హార్స్‌పవర్‌ని ఆరుతో భాగిస్తే సిలిండర్‌కి 18. ఒక్క సిలిండర్ సగం పని మానేసినా తొమ్మిది పోతుంది. దాని వల్ల వచ్చే ఊపు వేరే. నేను ఏడు వేలు పెట్టి కొన్న రెండు పార్టులూ బాగున్న ఇంజిన్‌కి పెట్టినా ఒకటో రెండో ఇస్తాయేమో. ఆమ్‌డాల్ సూత్రం మనం పరీక్ష కోసం చదివాం. ప్రోగ్రాంలో టైం తినని భాగాన్ని ఎంత వేగం చేసినా మొత్తం మీద పెద్దగా తేడా రాదు. ముందు ప్రొఫైలర్ పెట్టి టైం ఎక్కడ పోతోందో చూడాలి. అది పేపర్ మీద రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, ఏడు వేల దగ్గర మర్చిపోయాను.

పసుపు పండించే ఇండ్లలో పుట్టినవాళ్ళకి ఈ మాట ఇంకో రకంగా చెప్పొచ్చు. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పితే కొమ్ము మెరుస్తుంది. కానీ నిజామాబాద్ యార్డులో కొనేవాడు మెరుపు చూసి ఊరుకోడు. కొమ్ము తీసుకుని విరిచి చూస్తాడు. బాగా ఎండింది టంగుమని విరుగుతుంది. లోపల తడి ఉంటే డ్రమ్ములో ఎన్ని చుట్లు తిప్పినా ఆ చప్పుడు రాదు. ఇన్నేళ్ళుగా పసుపు కొమ్ములు విరిచి చూసిన మా ఇంటివాళ్ళం, బండి విషయంలో మాత్రం డ్రమ్ము తిప్పుదామని కూర్చున్నాం.

సరే, కొలిచాం. ఇప్పుడు ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి? చాచా చెప్పిందీ, నేను చదివిందీ కలిపి నా షీటులో రాసుకున్న వరస ఇది. పాత పెట్రోలు ఇంజిన్ ఏదైనా ఇంట్లో ఉంటే మీకూ పనికొస్తుంది.

మొదటిది హెడ్డు, వాల్వులు. పాత ఇంజిన్లు సీసం కలిపిన పెట్రోలు కాలం నాటివి. ఆ సీసం వాల్వుకీ దాని సీటుకీ మధ్య పూతలా పనిచేసేది. 2000 సంవత్సరం నుంచి మన దేశమంతా సీసం లేని పెట్రోలే. మన ఊపిరితిత్తులకి అది మంచిదే. మెత్తటి సీట్లున్న పాత హెడ్డుల్లో మాత్రం ఎగ్జాస్ట్ వాల్వు కొట్టుకుని కొట్టుకుని సీటు లోపలికి దిగిపోతుంది. సరిగ్గా మూసుకోదు, సందులోంచి మంట కారి అంచు కాలిపోతుంది. మా అయిదో సిలిండర్‌కి జరిగింది అదే. లేత్ మీద పాత సీటు తీసేసి గట్టి సీటు కూర్చోబెట్టి, కొత్త వాల్వు గ్రైండింగ్ చేసి పెట్టాలి. ఒకదానికి చేసేటప్పుడు ఆరింటికీ చేయించడం మేలు. హెడ్డు ఎలాగూ విప్పారు కదా, కొంచెం ఫేసింగ్ చేయిస్తే కంప్రెషన్ కూడా కొద్దిగా పెరుగుతుంది. ఆ రోజుల్లో దొరికే తక్కువ ఆక్టేన్ పెట్రోలుకి సరిపోయేలా ఈ ఇంజిన్ కంప్రెషన్ తక్కువ పెట్టారు. ఇప్పుడు మామూలు బంకులో దొరికేది అంతకన్నా ఎక్కువ ఆక్టేన్. అంటే కొంచెం పెంచుకునే వీలుంది. నిజంగా పవర్ పెంచే పని ఏదైనా ఉంటే ఇదే. లోపలే జరుగుతుంది కాబట్టి ఎవరికీ కనపడదు.

రెండోది రేడియేటర్. మనం తగలేసే పెట్రోలు శక్తిలో దాదాపు మూడో వంతు వేడి రూపంలో నీళ్ళలోకే పోతుంది. ఆర్మూర్ ఎండాకాలం సంగతి మీకు తెలుసు. మధ్యాహ్నం పూట గుట్ట ఎక్కేటప్పుడు బయటి గాలే 44, 45 డిగ్రీలుంటే, సగం గొట్టాలు మట్టితో మూసుకుపోయిన రేడియేటర్ ఏం చల్లబరుస్తుంది? వేడెక్కిన ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది, అప్పుడు టైమింగ్ తగ్గించాలి, టైమింగ్ తగ్గిస్తే పికప్ పోతుంది. అందుకే రేడియేటర్ శుభ్రం చేయించడం కూడా నా లెక్కలో పవర్ అప్‌గ్రేడే.

మూడోది డెల్కో. మనం పుస్తకంలో డిస్ట్రిబ్యూటర్ అని చదివేదాన్ని మెకానిక్‌లు డెల్కో అంటారు. దాంట్లో ఉండే పాయింట్లు అరిగే కొద్దీ స్పార్కు టైం మారిపోతుంటుంది. పాయింట్ల చోట ఎలక్ట్రానిక్ సెన్సర్ పెట్టుకోవచ్చు. బయటికి డెల్కో అలాగే కనిపిస్తుంది. రేపు వద్దనుకుంటే మళ్ళీ పాయింట్లు పెట్టుకోవచ్చు. నాకు నచ్చిన మార్పు ఇది, ఎందుకంటే దీన్ని వెనక్కి తిప్పుకోవచ్చు. ఏ అప్‌గ్రేడ్ అయినా కొనే ముందు "దీన్ని అన్‌డూ చేయొచ్చా?" అని అడగాలని నా అభిప్రాయం.

నాలుగోది పెట్రోలు లైను, కార్బొరేటర్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోలు ఒక కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం కలిపినదానికి 13.5 దగ్గర చాలు. కొత్త బండ్లలో సెన్సర్ చూసి కంప్యూటరే సరిచేసుకుంటుంది. కార్బొరేటర్‌కి కళ్ళు లేవు. పాత జెట్టుతో పాత లెక్కనే పోస్తుంది. దాంతో మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, వాల్వులు ఇంకా తొందరగా కాలతాయి. కాబట్టి జెట్టు కొంచెం పెద్దది వేయాలి. ఇథనాల్ పాత రబ్బరుని కూడా తినేస్తుంది. పైపులు మార్చకపోతే పెట్రోలు కారి వేడి ఇంజిన్ మీద పడుతుంది. అప్పుడు పికప్ సంగతి దేవుడెరుగు, బండే మిగలదు.

ఈ నాలుగింటికీ కలిపి చాచా చెప్పింది నలభై వేలు. టర్బో నా షీటులో లేదు. టర్బో అంటే గాలిని బలవంతంగా కుక్కడం. లోపలి ప్రెషర్, వేడి రెండూ పెరుగుతాయి. దానికి తగ్గ పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ లైను, పెట్రోలు కొలిచి పోసే ఏర్పాటు అన్నీ మార్చాలి. అంతా మార్చాక మిగిలేది జోంగా ఇంజిన్ బ్లాకు ఒక్కటే.

ఇక డీజిల్ మాట. పెద్దబాపు వాదనలో బలం లేదని నేననను. జోంగా లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. అందుకే చాలామంది ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ పీకేసి నాలుగు సిలిండర్ల డీజిల్ వేయించుకున్నారు. చివరి రోజుల్లో ఫ్యాక్టరీ వాళ్ళే లేలాండ్ హినో డీజిల్ ఇంజిన్‌తో కొన్ని జోంగాలు మామూలు జనానికి అమ్మారు. కానీ మా ఇంటి లెక్క చూద్దాం. పెట్రోలు లీటరు 107 అనుకుంటే కిలోమీటరుకి 27 రూపాయలు. డీజిల్ లీటరు 95, పది కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకి తొమ్మిదిన్నర. తేడా 17 రూపాయలు. మా బండి ఇప్పుడు ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతుంది. అంటే ఏడాదికి మిగిలేది 17 వేలు. డీజిల్ ఇంజిన్, దానికి తగ్గ మౌంటింగులు, గేర్‌బాక్స్ పని, లేబరు అన్నీ కలిపి చెప్పిన రేటు రెండున్నర లక్షలు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి దగ్గర దగ్గర పదిహేనేళ్ళు.

రోజూ వంద కిలోమీటర్లు తిరిగే బండైతే ఈ లెక్క తలకిందులవుతుంది. అప్పుడు డీజిలే కరెక్టు, నేనూ అదే చెప్తాను. కానీ రోజూ వంద తిరగడానికి జోంగా ఎవరు పెట్టుకుంటారు?

డబ్బు ఒక్కటే కాదు, కాగితాల సంగతీ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. పెట్రోలు అని ఉన్న ఆర్సీతో డీజిల్ బండి నడిపితే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర నుంచి అన్నీ చిక్కులే. అనుమతి లేకుండా ఎక్కించేసి, ఏమవుతుందిలే అనుకునేవాళ్ళే ఎక్కువ.

ఇంకోటి, ఇది మా ఇంట్లో ఎవరికీ తెలీదు. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ రూల్స్ తెచ్చింది. బండికి 50 ఏళ్ళు నిండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. అప్పుడు నంబర్ ప్లేటు మీద 'వీఏ' అనే అక్షరాలతో కొత్త నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది. అలా చేయించుకుంటే రోజూ రోడ్డు మీద తిప్పడానికి కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటి వాటికే. కాబట్టి ఇప్పుడే చేయించమని నేను అనట్లేదు. కానీ మా జోంగాకి 2024లో 50 నిండాయి. ఇంజిన్ పీకి స్క్రాపు వాడికి అమ్మిన రోజున ఆ దారి మూసుకుపోతుంది. మళ్ళీ తెరుచుకోదు. ఈ ఇంజిన్ ఇప్పుడు ఎవరూ తయారు చేయట్లేదు.

ఇదంతా పెద్దబాపుకి చెప్తే ఆయన మొదట అన్నమాట, "కంప్యూటర్లు సదివెటోనివి, నాకు ఇంజిన్ గురించి చెప్తవా?" న్యాయమే. ఆయన ఆ ఇంజిన్‌తో గడిపినన్ని గంటలు నేను ఏ సబ్జెక్టుతోనూ గడపలేదు. కానీ షీటులో 72 అనే అంకె చూపించినప్పుడు ఆయన చాలాసేపు ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "నేను పవర్ తగ్గింది నాకే అనుకున్న రా. స్టీరింగు బరువైతుంది, క్లచ్చు బరువైతుంది. బండి ముసలిదైంది, నేను ముసలోన్నైన, అంతే అనుకున్న" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది, డీజిల్ మాట వెనక మైలేజీ కంటే ఇంకేదో ఉందని. మనుషులు కూడా అంతే కదా. ఎక్కడో ఒక చోట సమస్య ఉంటే, మొత్తం పనికిరాకుండా పోయామని తేల్చేసుకుంటాం. మా క్లాసులో రెండు బ్యాక్‌లాగులు పడగానే "నాకు ఇంజినీరింగే సెట్ కాదు" అన్నవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆ ఆరు అంకెలు గుర్తొస్తున్నాయి.

హెడ్డు పని అయింది. గట్టి సీట్లు, ఆరు కొత్త ఎగ్జాస్ట్ వాల్వులు, రేడియేటర్ క్లీనింగు, కొత్త పైపులు, ఒక సైజు పెద్ద జెట్టు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాత్రం పసుపు డబ్బులు వచ్చాకే అన్నాడు పెద్దబాపు. నేను మళ్ళీ హాస్టల్‌కి వచ్చేశాను కాబట్టి గుట్ట ఎక్కడం చూడలేదు. అన్న వీడియో పంపాడు. మలుపు దగ్గర గేరు రాడ్డు మీద పెద్దబాపు చెయ్యి ఉంది. రెండో గేరు. చెయ్యి కదల్లేదు. నా ఏడు వేల ఫిల్టర్ తీసేసి చాచా పాతదే పెట్టాడట, కొత్తది దుమ్ముకి ఆగట్లేదని.

డీజిల్ పంచాయితీ పూర్తిగా తీరలేదు. దసరా దాకా చూస్తానన్నాడు. ఈ ఎండాకాలం, ఈ వానాకాలం బండి ఇలాగే లాగితే ఉంచుతాడు. లేకపోతే ఇంజిన్ దిగిపోతుంది. నేను ప్రతి నెలా ఇంటికి పోయినప్పుడు కంప్రెషన్ కొలిచి షీటులో రాస్తానని మాట ఇచ్చాను. గేజీ కొనుక్కున్నాను. అది మాత్రం పనికొచ్చే అప్‌గ్రేడ్.

మీ ఇండ్లలో కూడా పాత బండ్లు ఉండే ఉంటాయి. జోంగా కాకపోవచ్చు. తాత రాజ్‌దూత్, నాన్న అంబాసిడర్, షెడ్డులో మూలకి పడున్న జీపు. దాన్ని అమ్మేద్దామనో, 'మోడ్' చేద్దామనో అనుకునే ముందు ఒక ఆదివారం ప్లగ్గులు విప్పించి కొలిపించండి. అంకెలు నాకు పంపండి, నా షీటులో ఇంకో కాలమ్ వేస్తాను.